వాద్యబృందము ముందు నిలిచినవారు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవమున సంగీతమునుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరిరి. త్యాగరాజస్వామినిగూర్చి గాని, గోదావరి తీరపు హరికథకులనుగూర్చి గాని మాటలాడుదునని మీరు తలచియుందురు. నేనెన్నుకొన్న విషయము కొంచెము వింతగా తోచవచ్చును. నాట్యమునకు వాయించు వాద్యబృందములను నడిపిన ఇద్దరినిగూర్చి నేడు చెప్పదలచితిని. ఒకరు మన తెలుగువారు, సాలూరు రాజేశ్వరరావుగారు. రెండవవాడు అమెరికాలోని న్యూయార్కు నగరమున పుట్టి పెరిగిన టిటో పుయెంటే. మొదటి పేరు మీకందరికిని తెలిసినదే. రెండవ పేరు మీలో పెక్కుమంది విని యుండరు. రాజేశ్వరరావుగారు 1922లో జన్మించి 1999లో కాలధర్మము చెందిరి. పుయెంటే 1923లో పుట్టి 2000లో మరణించెను. ఇంచుమించు ఒకే కాలమున, రెండు ఖండములలో, వీరిరువురును ఒకే విధమైన పని చేసిరి. వీరి బ్రతుకులలో ఒక్క విషయమున విచిత్రమైన పోలిక కలదు. దానిని చెప్పుటకే ఈ ప్రసంగము.

పాట వినగానే పాడినవారి పేరు మనకు తెలియును. వ్రాసిన కవి పేరు కొందరికి తెలియును. వరుస కట్టినవారి పేరు ఇంకను కొద్దిమందికి. కాని పలు తీరుల వాద్యగాండ్రను ఒక గదిలో కూర్చుండబెట్టి, ఎవరెప్పుడు పలుకవలెనో, ఎవరెప్పుడు ఊరకుండవలెనో నిర్ణయించి, అందరిచేతను ఒక్క ఊపిరిగా పలికించినవాడెవడని అడుగువారరుదు. మన కోనసీమ పెండ్లిండ్లలో బ్యాండు మేళము వచ్చినప్పుడు గమనింపుడు. క్లారినెట్టు వాయించువాడు ముందు నడచును. పెద్ద డ్రమ్ము మోయువాడు వెనుకబడి నడచును. వీధి మలుపు తిరుగునప్పుడు మేళమంతయు చెదరక ఒక్క నడకగా నిలుచుటకు ఆధారము ఆ వెనుకవాడే. జగ్గన్నతోట తీర్థమున ప్రభలు కదలినను, ఊరి జాతరలో గరగలెత్తినను, అడుగు వేయించునది డప్పు. ఉత్సవ కరపత్రములో ప్రభ కట్టించినవారి పేరు అచ్చుపడును. డప్పు వాయించినవాని పేరు అచ్చుపడగా నేను చూడలేదు.

సరే, కథలోనికి పోదము.

రాజేశ్వరరావుగారు సాలూరు దగ్గరి శివరామపురమున జన్మించిరి. తండ్రి సన్యాసిరాజుగారు పాటలు వ్రాసిన కవి, మృదంగము నెరిగినవారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారంతటి వారి ఫిడేలుకు మృదంగ సహకారమందించినవారు. కనుక పిల్లవానికి మాటలతోపాటే లయయు వచ్చినదనవలెను. పండ్రెండేండ్లైనను నిండీ నిండక మునుపే ఆ బాలుని కంఠము హచ్చిన్సు కంపెనీవారి గ్రామఫోను రికార్డుల కెక్కినది. 1935లో వచ్చిన శ్రీకృష్ణలీలలు చిత్రమున ఆయనయే బాలకృష్ణుడు. మరుసటి ఏట శశిరేఖా పరిణయమున, దానినే మాయాబజారు అనియు పిలిచిరి, ఆయన అభిమన్యుడు. ఈ అభిమన్యుని మాట మీరు జ్ఞాపకముంచుకొనుడు. మరల దానితో పని కలుగును.

అటు పిమ్మట కలకత్తా. ఆనాటి కలకత్తాలో న్యూ థియేటర్సు వారి చిత్రములు దేశమంతటికిని ఒరవడి. అచ్చట సైగల్, పంకజ్ మల్లిక్ మొదలగువారి సాన్నిధ్యమున తెలుగు కుఱ్ఱవాడు హిందూస్తానీ బాణీని, వంగదేశపు లలితగీతముల పోకడను ఒంటబట్టించుకొనెను. కర్ణాటక సంగీతము తండ్రి ఇచ్చినది. ఇది తాను సంపాదించుకొన్నది. సితారు, పియానో, మాండొలిను, హవాయి గిటారు, హార్మోనియము, తబలా – చేతికందిన దేదియు విడువలేదు. వాద్యబృందమును నడుపువానికి ఈ గుణము మిక్కిలి ముఖ్యము. ఏ వాద్యమునకు ఏది సాధ్యమో, ఏది కష్టమో, ఏది అందమో తన చేతివ్రేళ్లకు తెలియని నాయకుడు ఇతరులచేత వాయింపజేయలేడు.

మదరాసుకు మరలివచ్చిన తరువాత కొన్ని చిత్రములకు పనిచేసి, రాజేశ్వరరావుగారు జెమినీ స్టూడియోలో చేరిరి. ఎస్.ఎస్. వాసన్‌గారు 1940లో నెలకొల్పిన సంస్థ అది. కాకినాడవారైన చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున 1942లో అచ్చటినుండి వెలువడిన బాలనాగమ్మ చిత్రమునకు ఎం.డి. పార్థసారథిగారితో కలిసి సంగీతము కూర్చిరి. ఆ స్టూడియోలో నటులు మొదలుకొని వాద్యగాండ్రవరకు నెల జీతముపై నుండెడివారు. ప్రొద్దున వచ్చి సాయంకాలమునకు పోవు ఉద్యోగమన్నమాట. ఇట్టి ఏర్పాటులోని సుఖమేమనగా, నాయకుడు ఒక ప్రయోగము చేయదలచిన, మనుష్యులు ఎదుటనే యుందురు. వీణ కొక పలుకు, పియానో కొక పలుకు పంచి చూచి, బాగుగా లేనిచో తుడిచివేసి, మరునాడు మరియొక విధముగా ప్రయత్నింపవచ్చును.

ఆ వాద్యగాండ్రలో మన జిల్లా రత్నమొకటి యున్నది. గౌతమి ఆవలి ఒడ్డున ద్రాక్షారామమున 1922లోనే జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారు. వైణిక వంశమునకు చెందిన విద్వాంసులు జెమినీవారి సంగీత శాఖలో రాజేశ్వరరావుగారితో కలిసి పనిచేసిరి. శుద్ధ సంప్రదాయమున పెరిగినవారు సినిమా కొలువునకు పోవుటను కొందరు చిన్నచూపు చూచియుండవచ్చును. కాని పలు వాద్యములను జోడించు విద్య వారికి ఆ వాతావరణముననే పండినదని నా నమ్మకము. తరువాత 1959లో ఆకాశవాణిలో ప్రవేశించి, ఢిల్లీలోని వాద్యబృందమునకు రచనలు చేసి, దానిని నడిపిరి. కాకినాడ వీణ చిట్టిబాబుగారు వీరి శిష్యులే. గోదావరి గాలి పీల్చిన వీణ ఇట్లు సినిమా తలుపు తట్టి వచ్చి దేశపు వాద్యబృందమునకు నాయకత్వము వహించినది.

ఆ దినములలో పాటను ఎట్లు పట్టెడివారో ఒకింత చెప్పవలెను. నేటి పిల్లలకు నమ్మశక్యము కాదు. గాయకుడును, వాద్యగాండ్రందరును ఒకే మందిరమున చేరి, ఒకేసారి పాడి వాయింపవలెను. నేటివలె ఒక్కొక్క వాద్యమును వేర్వేరుగా పట్టి పిదప అతుకుట లేదు. మైకునకు దగ్గరగా వీణయో వేణువో, దూరముగా ట్రంపెట్టులు, ఇంకను దూరముగా డ్రమ్ములు. శబ్దపు బరువు పొందించుట కూర్చుండు దూరముతోనే. పాట ముగింపునకు వచ్చుచుండగా మూలనున్న ఒక్కడు ఒక్క దెబ్బ తప్పినచో అందరును మరల మొదటినుండి. అందులో ఒకడు స్వరము వ్రాసికొని వాయించును, ఒకడు పాశ్చాత్యుల గీతల లిపి చదివి వాయించును, ఒకడు ఏ లిపియు లేక చెవిని నమ్మి వాయించును. ఈ మూడు తెగలవారికిని మూడు భాషలలో చెప్పి ఒక్క మాట పలికింపవలెను. నాయకుడన్న మాటకు అర్థమిది. చేతిలో కఱ్ఱపుల్ల ఊపుట కాదు.

1948 ఏప్రిలులో విడుదలయైన చంద్రలేఖ చిత్రము ఈ నాయకత్వమునకు పెద్ద పరీక్ష. ముప్పది లక్షల రూపాయలైనదని నాటి ప్రతీతి. ఆ చిత్రము పేరు చెప్పగనే చూచినవారికి స్ఫురించునది భేరీ నృత్యము. మనిషికన్న ఎత్తైన భేరులు వరుసలు వరుసలుగా నిలిపి, వాటిమీద నర్తకులు అడుగులు వేయుదురు. సుమారు నాలుగు వందలమంది పాల్గొనిరని చెప్పుదురు. నృత్యము ముగియునప్పటికి భేరులు తెరచుకొని, లోన దాగియున్న సైనికులు కత్తులు దూసి వెలికి వచ్చి కోటను పట్టుకొందురు. ఎప్పుడును వెనుక నిలుచు వాద్యము ఇచ్చట తానే రంగస్థలమైనది, తానే కథానాయకుడైనది. ఆ చిత్ర సంగీతమున కర్ణాటక, హిందూస్తానీ పద్ధతులతోపాటు లాటిన్ అమెరికా బాణీలును, పోర్చుగీసు జానపద ఛాయలును, యూరపు వాల్ట్జు నడకలును కలిసియున్నవని విమర్శకులు గుర్తించియున్నారు.

లాటిన్ అమెరికా బాణీ శివరామపురపు అబ్బాయి కెట్లు చిక్కినది? ఆ బాణీ యననేమి? ఇచ్చట మనము కొంతదూరము సముద్ర ప్రయాణము చేయవలెను.

అమెరికా ఖండముల నడుమ సముద్రములో క్యూబా యను ద్వీపము కలదు. చెఱకునకు ప్రసిద్ధి. ఆ చెఱకు తోటలలో పనిచేయించుటకు స్పెయిను దేశపు దొరలు ఆఫ్రికానుండి మనుష్యులను బానిసలుగా కొనిపోయిరి. 1886 వరకు అచ్చట బానిసత్వము సాగినది. బానిసల ఆస్తి యేమి? జ్ఞాపకమొక్కటే. ఆ జ్ఞాపకమున ప్రధానమైనది డప్పు. మన తీరమునుండియు చెఱకు తోటలకు మనుష్యులు తరలిపోయిరి. మారిషస్ ద్వీపమున తెలుగువారిని 'కోరంగి'వారని పిలిచినది మన కోరంగి రేవు పేరుమీదనే. వారు ఒడంబడిక కూలీలుగా పోయిరి. క్యూబాకు పోయినవారిని గొలుసులతో కట్టి తీసికొనిపోయిరి. రెండింటిని ఒకటిగా చెప్పరాదు. కాని చెఱకు వెంట పాట పోవుట రెండు చోట్లను జరిగినదే.

క్యూబాలో ఆఫ్రికా డప్పును, స్పెయిను గిటారును కలిసి పుట్టినవి రుంబా, మాంబో, చాచాచా మొదలగు నాట్యపు నడకలు. వాద్యములు చూచినచో మనకు పరాయివిగా తోచవు. మరాకా యనగా ఎండిన బుఱ్ఱలో గింజలు పోసి ఊపునది. గ్వీరో యనగా గాట్లు పెట్టిన బుఱ్ఱను పుల్లతో గీయునది. బొంగో యనగా మోకాళ్ల నడుమ పెట్టుకొను జంట డోళ్లు. క్లావే యనగా రెండు గట్టి కఱ్ఱముక్కలు. మన చిడతలకు చుట్టములు. ఈ కఱ్ఱముక్కలవాడు కొట్టు దెబ్బలు ఐదే. కాని బృందమంతయు ఆ ఐదు దెబ్బలకు లోబడియుండవలెను.

ఆ ఐదు దెబ్బలను మన జతులలో చెప్పెదను. పదునారు మాత్రలు తీసికొనుడు. తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. ప్రతి ముక్క మొదటి అక్షరముమీద ఒక చప్పట్లు కొట్టుడు. ఇప్పుడు కొట్టి చూడుడు... మరల... ఇంతే. (సభలో పిల్లలు ముందుగా పట్టుకొనిరి, పెద్దలు రెండవ తకిట వద్ద జారిపోయిరి.) ఇంకను సులభమైనది, ఎనిమిది మాత్రల నడక: తకిట తకిట తక. మూడు, మూడు, రెండు. నాలుగు నాలుగుగా సాగు సమమైన నడకను మూడుతో విఱిచి, రెండుతో మరల దారికి తెచ్చుట. అందులోని తూగు కాలిని ఊరకుండనీయదు. మన భజన గోష్ఠులలో చిడతలు వేగమందుకొన్నప్పుడు ఇట్టి విఱుపులు విననివారు ఈ సభలో లేరనుకొందును.

1930లో డాన్ అస్పియాజు అను క్యూబా బృంద నాయకుడు న్యూయార్కులో ఒక పాటను రికార్డు చేయించెను. వీధిలో వేరుసెనగపప్పు అమ్మువాని కేకలే ఆ పాట. అది లోకమంతయు తిరిగినది. స్పెయినులో పుట్టి క్యూబాలో పెరిగిన జేవియర్ కుగాట్ అను ఫిడేలు విద్వాంసుడు న్యూయార్కులోని గొప్ప హోటలులో ఏండ్లతరబడి రుంబా బృందమును నడిపి, హాలీవుడ్ చిత్రములలో సైతము కనబడెను. ఆ రికార్డులును, ఆ చిత్రములును మన రేవు పట్టణములకును చేరినవి. బొంబాయిలో గోవా వాద్యగాండ్రు, చర్చి పాఠశాలలలో గీతల లిపి నేర్చినవారు, హోటళ్లలో ఈ సంగీతమును వాయించి, పగటివేళ సినిమా బృందములలో వాయించిరి. 1951లో సి. రామచంద్ర కూర్చిన అల్బేలా పాటలలో బొంగోలును మరాకాలును బాహాటముగా వినబడును. మదరాసు దానికి దూరము కాదు. వినగలిగిన చెవి యుండుటయే ముఖ్యము. రాజేశ్వరరావుగారి చెవి ఎట్టిదో చెప్పియుంటిని.

ఇక పుయెంటే. తల్లిదండ్రులు పొర్టోరికో ద్వీపమునుండి న్యూయార్కునకు వలసవచ్చిన సామాన్యులు. పిల్లవాడు ఇంటిలోని గిన్నెలమీదను, కిటికీ చట్రములమీదను దరువులు వేయుచుండ, ఇరుగుపొరుగువారు గోల భరింపలేక తల్లికి మొఱపెట్టుకొనిరట. ఆమె వానిని తిట్టి ఊరకొనక సంగీతము నేర్చుకొనుటకు పంపెను. (మన ఇండ్లలో బిందెమీద దరువు వేయు పిల్లలకు ఏమి జరుగునో మీకు తెలియును.) మొదట నర్తకుడు కావలెనని ఆశ, కాలి గాయముచేత అది సాగలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున నౌకాదళములో సేవచేసి వచ్చిన సైనికులకు ప్రభుత్వము చదువు చెప్పించినది. ఆ సొమ్ముతో జూలియార్డ్ అను ప్రసిద్ధ సంగీత కళాశాలలో చేరి, వాద్యబృందములకు రచన చేయు విద్య నేర్చెను. 1948 ప్రాంతమున, చంద్రలేఖ వచ్చిన ఏటనే, తన సొంత బృందమును కట్టెను.

ఆయన వాయించినది టింబాలెస్. లోహపు గుండ్రములకు తోలు బిగించి, పీటమీద నిలిపి, పుల్లలతో కొట్టు జంట డ్రమ్ములు. అంతవరకు ఈ వాద్యగాండ్రు బృందము వెనుక కూర్చుండెడివారు. పుయెంటే తన డ్రమ్ములను వేదిక ముందునకు తెచ్చి, నిలుచుండి వాయించెను. ట్రంపెట్టులు, సాక్సఫోనులు వెనుకకు పోయినవి. నాయకుడు డ్రమ్ము వాయించువాడే యైనప్పుడు అడుగులు వేయువారికి ఆజ్ఞ సూటిగా అందును. ఇది వేడుకకొరకు చేసిన మార్పువలె తోచవచ్చును. నాకు మాత్రము అది సామాన్యమైన మార్పుగా తోచదు.

న్యూయార్కులో పల్లాడియం అను నాట్యశాల యుండెడిది. అమెరికాలో తెల్లవారికిని నల్లవారికిని బడులు వేరు, బండ్లలో పీటలు వేరుగా నున్న దినములలో, ఆ శాల నేలమీద నల్లవారును, పొర్టోరికోవారును, యూదులును, ఇటలీవారును కలిసి అడుగులు వేసిరి. ఎవరెవరని అడుగక, అడుగు సరిగా పడినదా లేదా అనునదే అచ్చట పరీక్ష. ఆ వేదికమీద మాచిటో బృందము, టిటో రోడ్రిగెజ్ బృందము, టిటో పుయెంటే బృందము పోటీపడెడివి. ఇద్దరు టిటోల నడుమ తగవు దేనికనుకొన్నారు? డబ్బునకు కాదు. ప్రకటనలో ఎవని పేరు పైన నుండవలెను అని. విని నవ్వుకొందుము. కాని ఆ తగవులో న్యాయమున్నది. నాట్యము ముగిసి దీపములార్పిన తరువాత బృంద నాయకునికి మిగులునది ఆ పేరొక్కటే.

పేరను మాట వచ్చినది గనుక అసలు విషయమునకు వత్తును.

రాజేశ్వరరావుగారు జెమినీని విడిచిన తరువాత తెలుగు చిత్రములకు చేసిన సంగీతమునుగూర్చి మీకు నేను చెప్పనక్కరలేదు. 1951లో మల్లీశ్వరి, 1954లో విప్రనారాయణ, 1955లో మిస్సమ్మ, 1958లో చెంచులక్ష్మి, తరువాత భీష్మ, డాక్టర్ చక్రవర్తి, పూలరంగడు. మల్లీశ్వరిలో కృష్ణశాస్త్రిగారి మాటకు ఆయన వరుస తొడిగినప్పుడు, నేపథ్య వాద్య రచనలో అద్దేపల్లి రామారావుగారు తోడుపడిరి. మిస్సమ్మలోని ఒక ప్రసిద్ధ గీతము వరుస 1957లో అదే కథతో హిందీలో వచ్చిన మిస్ మేరీ చిత్రమున వినబడెను. ఆ చిత్రమునకు సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. ఉత్తరాదివారు దానిని ఆయన వరుసగనే పాడుకొందురు.

మాయాబజారు 1957లో వెలువడినది. సంగీత దర్శకులు ఘంటసాలగారు. అంత లోకవిదితమే. కాని ఆ చిత్రమునకు మొదట నియమితులైనవారు రాజేశ్వరరావుగారు. నాలుగు పాటలకు వరుసలు కట్టి ఆ చిత్రమునుండి తప్పుకొనిరి. అందులో ఒకటి వెన్నెలలో పడవ విహారపు గీతము. మొదట అభిమన్యుడును శశిరేఖయు, వారి వెనుక కృష్ణుడును రుక్మిణియు, ఆ వెనుక బలరాముడును రేవతియు పడవ నెక్కుదురు. మోహన రాగము. ఆ వరుసలకు ఘంటసాలగారు వాద్య రచన చేసి, తామును లీలగారును పాడి, రికార్డు చేయించిరి. మిగిలిన పాటలకు వరుసలు తామే కూర్చిరి. ఎందుకు తప్పుకొనిరను తగవులోనికి మనము పోవలదు. ఘంటసాలగారు ఒకరి సొమ్ము అపహరించినవారు కారు. అసంపూర్ణముగా చేతికి వచ్చినదానిని సంపూర్ణముగా తీర్చిదిద్దినవారు. ఆయనయు 1922లో పుట్టినవారే. పడవ పాటలో నీటి తూగు వినబడుచున్నదనిన అది సగము ఆయన పెట్టిన వాద్యముల పుణ్యము. కాని వరుస కట్టినవారి పేరు తెరమీద లేదు. ఇరువది యేండ్ల క్రిందట మాయాబజారు కథలో అభిమన్యుడుగా పాడిన బాలుడే, నేటి అభిమన్యుని నోట ఈ వరుస పెట్టినాడని తెలియక మనమందరము ఆ పాట పాడుకొంటిమి.

సముద్రమునకావల ఏమి జరిగినదో వినుడు. 1962లో పుయెంటే ఒక చాచాచా రచించెను. స్పానిష్ మాటలు నాలుగే, నడక మాత్రము కాలిని పట్టి లాగునది. 1970లో కార్లోస్ సాంటానా అను యువకుడు దానిని విద్యుత్ గిటారుతో, తన బృందముతో మరల రికార్డు చేయించెను. అది దేశదేశములకు ప్రాకినది. నేటికిని అది సాంటానా పాటయే అనుకొనువారు లెక్కలేనంతమంది. పుయెంటే ఎదుటికే వచ్చి సాంటానా పాట వాయింపుమని అడుగువారట. మొదట మనస్సు నొచ్చినను, పిమ్మట ఆ రికార్డుపై తనకు రావలసిన సొమ్ము చేతికందగా, ఆయన నవ్వుచు ఆ కథ చెప్పుకొనెడివాడు.

ఇదియే నేను చెప్పిన పోలిక. అయితే తేడాయు ఇచ్చటనే యున్నది. సాంటానా రికార్డుమీద రచయితగా పుయెంటే పేరున్నది. పేరుండుటచేత సొమ్మును వచ్చినది. కాగితముమీద పేరు లేకున్న ఆ రెండును లేవు.

ఆ చాచాచా నడకకు మూలము కచావో అను క్యూబా విద్వాంసుడు 1957లో చేసిన ఒక రచనలో నున్నదని సంగీతజ్ఞులందురు. రాజేశ్వరరావుగారి వరుసలలోను నిర్మాతల కోరికపై ఇతర భాషలనుండి తెచ్చుకొన్నవి యున్నవి. ఇది విని మిత్రులు కొందరు, అయితే అంతయు దొంగసొత్తే కదా అని ఎగతాళి చేయుదురు. నేనట్లు అనను. వినినది చేతికి రావలెను, చేతికి వచ్చినది మారవలెను. మారినచో అది విద్య. మారకున్న దొంగతనమే. ఎక్కడనుండి వచ్చినదో చెప్పుటకు వెనుదీయనివాడు దొరయే.

ఇరువురి చివరి దినములును ఒకే విధముగా లేవు. పల్లాడియం 1966లో మూతబడెను; పడుచువారు రాక్ సంగీతమువైపు మరలిరి. ఆ నాట్య సంగీతమునకే 1970 ప్రాంతమున సాల్సా అను క్రొత్త పేరు పెట్టి అమ్మిరి. సాల్సా యనగా వారి భాషలో నంజుకొను పచ్చడి. అది తినునది గాని వాయించునది కాదని పుయెంటే గొణుగుచునే, మానక వాయించెను. నూరుకు మించిన రికార్డు సంపుటములు, ఐదు గ్రామీ బహుమతులు. మన దేశమున, 1980 తరువాత క్రమక్రమముగా విద్యుత్ కీబోర్డు వచ్చి, ఒక్కని వ్రేళ్లక్రిందనే ముప్పది వాద్యముల ధ్వనులను పలికించినది. అంతమందిని ఒక్క ఊపిరిగా పలికించు విద్యతో పని తగ్గినది. రాజేశ్వరరావుగారికి 1992లో రాష్ట్ర ప్రభుత్వపు రఘుపతి వెంకయ్య పురస్కారము లభించెను. అప్పటికి ఆయన ఏడు పదుల వయస్సువారు.

ఇదియంతయు గ్రంథాలయమున నేల అందురా? పుయెంటే మరణించిన ఏడు, 2000లో, అమెరికా దేశపు మహాగ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు ఆయనను జీవించియున్న మహనీయులలో నొకనిగా గౌరవించినది. రెండేండ్లకు, దేశమున శాశ్వతముగా భద్రపరుపదగిన శబ్దముల పట్టికను ఆ గ్రంథాలయమే మొదటిసారి తయారుచేసినప్పుడు, 1958లో ఆయన చేసిన నాట్య సంగీతపు రికార్డును అందులో చేర్చినది. గిన్నెలమీద దరువు వేసిన పిల్లవాని శబ్దము పుస్తకముల సరసన బీరువా కెక్కినది.

మన బీరువాలు చిన్నవి. అయినను కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఈ రజతోత్సవ సంచికలో దాతల పేర్లు, అధ్యక్షుల పేర్లు అచ్చువేయుచున్నారు, సంతోషము. గ్రంథాలయపు పుస్తకముల పట్టిక ప్రక్కను ఇంకొక నోటుపుస్తకము తెరువుడు. ఈ ఊరిలోను, చుట్టుపట్ల లంకలలోను సన్నాయి, డోలు, డప్పు, క్లారినెట్టు, హార్మోనియము వాయించినవారి పేర్లు, వారికి నేర్పినవారి పేర్లు, ఏ తీర్థమున ఏ దరువు వాయింతురో అందులో వ్రాయించుడు. వృద్ధులు కొందరు ఇంకను మన నడుమనున్నారు. వారిని అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. వీలైన శబ్దమును పట్టుకొనుడు. నేడు అందుకు జేబులోని ఫోనే చాలును. పేర్లు వారి చేతనే చెప్పించి, వారు చెప్పిన వరుసలోనే వ్రాయుడు.

నాకిచ్చిన కాలము దాటినది. ఈ సభకు డప్పు మేళమువారిని పిలిపింపుమని కార్యదర్శిగారిని ముందుగనే వేడుకొంటిని. వారు తలుపు దగ్గర, చెప్పులు విడిచిన చోట, గంటసేపటినుండి నిలుచుండియున్నారు. అయ్యలారా, మీరు ముందునకు దయచేయుడు. ఇక్కడికి, మైకు దగ్గరకు. నేను దిగి మీ చోట కూర్చుండి వినెదను. ముందు మీ పేర్లు చెప్పుడు. ఆ తరువాత తకిట తకిట తక.